ఆఖరి ఊళ్ళో మంచి హోటల్

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆటో దిగి చిల్లర కోసం పర్సు వెతుక్కుంటుంటే ఎదురుగా ఆయన కనబడ్డాడు. కొబ్బరిబోండాల బండి వెనక రెండు వెదురుబొంగులకి కట్టిన ఫ్లెక్సీలో, గులాబీపూల బొమ్మల మధ్య నవ్వుతున్నాడు. పైన శ్రద్ధాంజలి అని రాసుంది. కింద క్లబ్బు మిత్రుల పేర్లు. పోయి మూడు రోజులైందట, నాకు తెలీదు. మనిషి పోయాడని తెలియగానే ఎవరికైనా అయ్యో అనిపించాలి. నాకు మాత్రం, వీళ్ళకి ఈ ఫొటోయే దొరికిందా అనిపించింది.

ఆ ఫొటో నాకు బాగా తెలుసు. అది సింగపూర్‌లో ఒక హోటల్ లాబీ. ఆ పూలకుండీ, ఆ పాలరాతి స్తంభం కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను. ఆయన తొడుక్కున్న కోటు మా ఆయనది. ఫొటో తీసింది కూడా మా ఆయనే. పక్కన వాళ్ళావిడ నిలబడి ఉండాలి. ఫ్లెక్సీ చేసినవాడు ఆవిణ్ణి కోసేశాడు. అంచున ఊదారంగు శాలువా ముక్క ఒకటి మాత్రం మిగిలిపోయింది. సింగపూర్ ఉక్కపోతలో ఈ మనిషి శాలువా చుట్టుకుందేమిటా అని ఆ రోజు నేను నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే తలొంచుకుని చెప్పుల వంక చూశాడు. అంతకు రెండు రోజుల ముందే స్మశానం దాకా వెళ్ళి, స్నేహితుడింట్లో తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాడట.

"చెబితే నువ్వేమంటావోనని," అన్నాడు.

"ఏమంటాను? కళ్ళు మూసుకుంటే అన్ని గదులూ ఒకటే కదా, అంటాను."

మా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎవరిదో ఆయనకి తెలుసు. నాలుగు దేశాల్లో కాకపోయినా మూడు దేశాల్లో, నాలుగు ఊళ్ళలో, పద్నాలుగు రోజుల పాటు నేను విన్న మాట అది.

ఆయన అందరికీ బావే. స్టీల్ ప్లాంట్ రాడ్ మిల్లులో మా ఆయనకంటే రెండు మెట్లు పైనుండేవాడు గానీ, ఆఫీసర్ల దగ్గర్నుంచి క్యాంటీన్ వాళ్ళ దాకా అందరూ బావా అనే పిలిచేవారు. ఎవరికీ చుట్టం కాదు. తొంభైల మొదట్లో మేం గోదావరి వైపు నుంచి సామాను లారీలో వేసుకుని స్టీల్ టౌన్‌షిప్ క్వార్టర్‌కి వచ్చిన రోజున ముందుగా గుమ్మంలో నిలబడింది ఆయనే. తగరపువలస మనిషి, ఈ నేల మీద పుట్టినవాడు. ఊరు మొత్తం తనదైనట్టూ, మమ్మల్ని అందులో అద్దెకి ఉండనిచ్చినట్టూ మాట్లాడేవాడు.

ఎవరింటికొచ్చినా ఆయన చేసే మొదటి పని పరుపు నొక్కడం. కూర్చోమంటే కుర్చీలో కూర్చోడు. మంచం దగ్గరకెళ్ళి అరచేత్తో రెండుసార్లు నొక్కి చూస్తాడు. తర్వాత బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పుతాడు. కిటికీ తెరిచి బయటేం కనబడుతుందో చూస్తాడు. అప్పుడొచ్చి కూర్చుంటాడు. "పరుపెక్కడ కొన్నారు సెల్లెమ్మా? బాగుందే. గానీ కళ్ళు మూసుకుంటే అన్నీ ఒకటే కదేటి." పదిహేను రోజులకోసారి వచ్చి అదే మంచం నొక్కేవాడు. ఆయనెళ్ళాక దుప్పటి మార్చేదాన్ని. పిచ్చి కోపమే, నాకు తెలుసు.

వాళ్ళింట్లో టీవీ పక్కన అద్దాల షోకేసుండేది. అందరిళ్ళలో అందులో బొమ్మలుంటాయి, పిల్లల కప్పులుంటాయి. వాళ్ళింట్లో హోటల్ సబ్బులుండేవి. కాగితం విప్పని చిన్నచిన్న సబ్బులు, వేలెడంత షాంపూ సీసాలు, అగ్గిపెట్టెలు, ఒక బూటు పాలిష్ గుడ్డ. ఖాట్మండూ, ఊటీ, ఢిల్లీ అని ఊరి పేరు రాసి వరసగా పేర్చేవాడు. వాటిలో ఒక్క సబ్బు కూడా ఎవరి ఒంటికీ తగల్లేదు.

ఒకసారి మా మిల్లులో ఒకాయన కూతురి పెళ్ళికి అందరం తుని వెళ్ళాం. విడిదింట్లో ఆరు గదులు. ఒక్క దాంట్లోనే ఏసీ ఉంది. ఈయన అందరికంటే ముందు బస్సు దిగి, పరుగులాంటి నడకతో వెళ్ళి, ఆ గది తాళం పట్టుకున్నాడు. తన కోసమే అనుకున్నాను. కాదు. మధ్యాహ్నం ఒక పెద్దాఫీసరు వస్తే, "సార్, ఈ గదిలో తవరు పడుకోండి, నాను సూసి ఉంచినాను," అని ఆ గదిలోకి తీసుకెళ్ళాడు. పడక్కుర్చీలో ఆఫీసరు, ఎదురుగా చేతులు కట్టుకుని ఈయన. వచ్చినవాళ్ళందర్నీ లోపలికి పిలిచి ఏసీ గాలి ఎలా ఉందో అడిగాడు. తను మాత్రం రాత్రి అందరితో పాటు వరండాలో చాప మీద పడుకున్నాడు. మంచి గది ఆయనకి పడుకోడానికి కాదు, నలుగురికీ చూపించడానికి. ఆ సంగతి నాకు ఆ రోజే అర్థమై ఉంటే సింగపూర్ గొడవే ఉండేది కాదు.

పే రివిజన్ ఎరియర్స్ వచ్చిన ఏడు టౌన్‌షిప్‌లో అందరూ ఏదో ఒకటి కొన్నారు. కొందరు మధురవాడలో స్థలం, కొందరు కారు. ఈయన ఒకరోజు సాయంత్రం వాళ్ళావిణ్ణి వెంటబెట్టుకుని, నోట్సు పుస్తకంతో మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు.

"మనం రెండు జంటలం ఎల్దాం బావా. బ్యాంకాక్, పెనాంగ్, కౌలాలంపూర్, సింగపూర్. టూరోళ్ళతో వొద్దు, మనమే ఎల్దాం. గదులన్నీ నాను సూసుకుంటాను."

మా ఆయన నా వంక చూశాడు. నేను ఆ రోజు సరే అన్నది దేశాలు చూడ్డానికి కాదు. ఆ మాట ఇక్కడ సిగ్గు విడిచి చెప్పాలి. మాకు పెళ్ళై అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళూ షిఫ్టులే. పొద్దుటి ఏ షిఫ్టయితే నేను నాలుగున్నరకి లేచి క్యారేజీ కట్టాలి. బి షిఫ్టయితే ఆయనొచ్చేసరికి నా కళ్ళు మూతలు పడిపోతుంటాయి. సి షిఫ్టయితే పగలంతా ఆయన నిద్రపోతాడు, నేను కుక్కరు విజిల్‌కి కూడా భయపడుతూ పిల్లల నోళ్ళు మూస్తూ తిరగాలి. ఇద్దరం మెలకువగా, ఏ పనీ లేకుండా, ఒక మంచి గదిలో ఒక్క పూట ఉండాలి. మంచం వేరెవరో సర్దాలి. నేను అడిగింది అంతే.

"నాలుగూళ్ళలో ఒక్క ఊళ్ళోనైనా మంచి హోటల్ తీసుకుందామండి అన్నయ్యగారూ," అన్నాను.

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నవాడిలా పుస్తకం తెరిచాడు. "అక్కడే తెలివుండాలి సెల్లెమ్మా. నాలుగూళ్ళలోనా దిగలేం. ఒక్క ఊర్లోనే దిగ్గలం. ముందు ఊర్లో దిగీసినావనుకో, తర్వాతొచ్చే గదులన్నీ ఎదవ గదుల్లాగే కనబడతాయి. మజ్జిలో దిగితే అటూ కాదు, ఇటూ కాదు. ఆఖరూర్లో దిగినావనుకో, ఆ వాసన కూర్మన్నపాలెం దాకా ఒంటి మీదే ఉంటాది. ఇక్కడోళ్ళకి మనం సెప్పేదీ ఆఖరి హోటలే."

"మా వైపు విస్తట్లో తీపి ముందు వడ్డిస్తారండి. ఆకలి మీదున్నప్పుడు."

"అందుకే మీరు పెరుగన్నం దాకా రాకండా సెయ్యి కడిగీసుకుంటారు," అని పెద్దగా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. వాళ్ళావిడ మాత్రం నవ్వలేదు. "బాత్రూం గదిలోనే ఉంటే బాగున్ను," అంది మెల్లగా. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

వదిన ఎప్పుడూ అంతే, ఒక మాట అని ఊరుకునే మనిషి. అప్పటికి మూడు నాలుగేళ్ళుగా ఆవిడకి ఒంట్లో బాగుండేది కాదు. ఆడవాళ్ళ బాధ అని నాకు తెలుసు. ఎంత బాధో ఎప్పుడూ అడగలేదు.

బ్యాంకాక్‌లో మోటారు సామాన్ల కొట్టు మీద మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పరవాలేదు, ఊరంతా తిరిగాం, గదిలో ఉన్నదెంతసేపు గనక. పగలంతా తిరిగే ఊళ్ళో గదికి డబ్బు పోయకూడదన్న ఆయన లెక్క సరైనదే. నాకు ఆయనంటే ఎంత పడకపోయినా తప్పని చెప్పను.

కానీ పెనాంగ్‌లో వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. తిరగడానికి లేదు, చూడ్డానికి లేదు, గదిలో పడుండాల్సిందే. ఆ గదికి కిటికీ లేదు. బాత్రూం బయట వరండా చివర, పదిమందికి ఒకటి. వదిన పూటకి నాలుగైదుసార్లు తువ్వాలు పట్టుకుని వెళ్ళి, తలుపు మూసుంటే వాన జల్లులో గోడకానుకుని నిలబడేది. మేమున్న వీధి చివరే సముద్రం. సముద్రం ఒడ్డున తెల్లటి హోటల్ ఒకటుంది. వానకాలం కాబట్టి గదులు ఖాళీగా ఉన్నాయని బోర్డు కూడా పెట్టారు.

నేను ఆయన్ని బతిమాలాను. నా జీవితంలో మా నాన్నని కూడా అలా బతిమాలలేదు. "ఆఖరూళ్ళో వద్దండి, ఆ మంచి హోటలేదో ఇక్కడే దిగుదాం. ఎలాగూ గదిలోనే ఉండాలి కదా. కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంటాం."

ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు. నిజంగానే జాలిపడ్డాడు. "సముద్రం మనకి లేదేటి సెల్లెమ్మా? విశాపట్నం నుంచొచ్చి సముద్రం సూడ్డానికి డబ్బులిత్తావేటి? ఎవలైనా ఇంటే నవ్వుతారు. రెండ్రోజులు ఓర్సుకో. కళ్ళు మూసుకుంటే అన్ని గదులూ ఒకటే."

మా ఆయన పైకప్పు వంక చూశాడు.

కౌలాలంపూర్‌లో పొద్దున్న ఆరింటికి బస్సు దిగాం. సింగపూర్ బస్సు సాయంత్రం ఏడింటికి. పగలుకి గదులు తీసుకుంటారని ఆశపడ్డాను. ఆయన ఒకటే గది తీసుకున్నాడు. బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చుని నోట్సు పుస్తకంలో గీత గీశాడు. ఏ షిఫ్టు ఆడవాళ్ళు, పన్నెండు దాకా. బి షిఫ్టు మగవాళ్ళు, ఆరు దాకా. డ్యూటీ చార్టు వేసినట్టే వేశాడు. ఒక షిఫ్టు గదిలో పడుకుంటే రెండో షిఫ్టు బయట పార్కులో సామాను కాయాలి. స్టీల్ ప్లాంట్‌లో ఇరవయ్యేళ్ళు పనిచేసినవాడికి తప్ప ఇంకెవడికీ ఈ ఆలోచన రాదు. వచ్చినా నలుగురికి చెప్పుకోడు. ఈయన గర్వంగా మా అందరికీ చదివి వినిపించాడు.

"రిలీవర్ రాకండా గది ఇడిసిపెట్టకండి," అని నవ్వుతూ తాళం నా చేతిలో పెట్టాడు.

పన్నెండింటికి మా ఆయన తలుపు కొట్టాడు. నేను బయటికి, ఆయన లోపలికి. గుమ్మంలో ఒకరికొకరు ఎదురుపడ్డాం. "నిద్ర పట్టిందా?" అన్నాడు. ఇంట్లో రోజూ అడిగే మాటే. సముద్రాలు దాటొచ్చి కూడా నా మొగుడు నాకు గుమ్మంలో షిఫ్టు అప్పజెప్పి వెళ్ళిపోతున్నాడు. ఆ మధ్యాహ్నం పార్కులో సూట్‌కేసు మీద కూర్చుని నేను ఏడ్చాను. వదిన నా వీపు మీద చెయ్యేసింది. "రేపు మంచి హోటలే కదా," అంది.

ఆ పార్కులోనే ఆయనకి విశాఖపట్నం పోర్టు వాళ్ళ బ్యాచ్ ఒకటి తగిలింది. పది పన్నెండు మంది, భార్యాభర్తలు. ఏదో టూరులో వచ్చారు. వాళ్ళూ మర్నాడు సింగపూర్‌కే. బి షిఫ్టు వదిలేసి పోర్టు వాళ్ళతో ఆయన గంటసేపు మాట్లాడాడు. చేతులు గాల్లోకెత్తి ఎన్ని అంతస్తులో చూపిస్తున్నాడు. నాకప్పుడే అనుమానం రావలసింది.

సింగపూర్ హోటల్ గురించి మాత్రం నేను అబద్ధం చెప్పను. చాలా గొప్ప హోటల్. పదహారో అంతస్తులో పక్కపక్క గదులు. మధ్యాహ్నం రెండింటికి తాళాలిచ్చారు. తలుపు తెరిస్తే తెల్లటి మంచం, ఒక్క ముడత లేదు. మా ఆయన తెర లాగాడు. దూరంగా సముద్రం మీద ఓడలు వరసగా ఆగి ఉన్నాయి.

"మన అవుటర్ హార్బర్‌లా లేదూ?" అన్నాడు.

"మాట్లాడకండి," అన్నాను నవ్వుతూ. కెటిల్లో నీళ్ళు పోసి టీ పెట్టాను. ఇద్దరం మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాం. పట్టపగలు, ఇద్దరికీ నిద్ర లేదు, డ్యూటీ లేదు, పిల్లల్ని రాజమండ్రిలో మా అక్క చూసుకుంటోంది. పరుపు ఎంత మెత్తగా ఉందంటే నేను కూడా అరచేత్తో నొక్కి చూశాను. మా ఆయన నా జడలోంచి దారప్పోగేదో తీశాడు. ఏమో చెప్పబోయాడు కూడా. ఆ చెప్పబోయిందేమిటో ఇవాళ్టికీ నాకు తెలీదు.

తలుపు కొట్టారు. ఈయన. వెనక పోర్టు బ్యాచ్ మొత్తం. మెళ్ళో కెమెరాలు, కొందరి చేతుల్లో తువ్వాళ్ళు.

"సెల్లెమ్మా, ఒక్క గంట. మనోళ్ళే, పోర్టోళ్ళు. లిటిల్ ఇండియాలో ఇరుకు గదుల్లో దిగినారు, పాపం. మంచం మీద కూకుని ఒక్కో ఫొటో తీయించుకుంటారు. కావల్సినోళ్ళు టబ్బులో తానం సేత్తారు. మా గది సాలట్లేదు."

ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. అది నేను ఒప్పుకోవాలి. తీసుకునుంటే నాకు కోపం ఇంతుండేది కాదేమో. ఊరికే ఇచ్చాడు. నాది ఊరికే ఇచ్చాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "పోనీ, గంటే కదా," అని కెమెరా తీసుకుని గుమ్మం దాటాడు. గ్రూపు ఫొటో తియ్యమని అప్పటికే ఎవరో అడిగారు. నేను ఆయన వెనకే గుమ్మం దాకా వెళ్ళి, తలుపు మూసి, గడియ పెట్టాను. లోపలికి వచ్చి మంచం మధ్యలో కూర్చున్నాను.

కాసేపటికి తలుపు కొట్టాడు. "సెల్లెమ్మా, తలుపు తీ. మాటిచ్చీసినాను వాళ్ళకి."

"మీరిచ్చిన మాట మీ గదిలో పెట్టుకోండి."

ఇంకాసేపటికి మళ్ళీ కొట్టాడు, గట్టిగా. "నా పరువు పోతాది సెల్లెమ్మా. బావా, నువ్వు సెప్పు." మా ఆయన గొంతు వినబడలేదు. టీ చల్లారిపోయింది.

పక్క గదిలోంచి నవ్వులు, కుళాయి చప్పుడు, ఇటు జరగండి అటు జరగండి అని కేకలు. ఎండ ఓడల మీద నుంచి జరిగిపోతోంది. నాలుగు దాటాక మూడోసారి తలుపు కొట్టారు. ఈసారి మెల్లగా, రెండే దెబ్బలు. ఆ నంగనాచి తట్టుడుకి నాకు ఒళ్ళు మండిపోయింది. మంచం మీదనుంచే అరిచాను.

"సిగ్గు లేదా? ఇది గదా, సంతా? చావనివ్వరా నన్ను? పొండి అవతలికి."

మరి కొట్టలేదు. నేను గెలిచాననుకున్నాను.

వాళ్ళంతా వెళ్ళిపోయాక, చీకటి పడుతుండగా మా ఆయన వచ్చాడు. అప్పుడు తీశాను. పన్నెండు మందికి ఫొటోలు తీసి అలిసిపోయాడు. బూట్లు విప్పి ఆ తెల్లటి మంచం మీద వాలాడో లేదో గురక. నేను కుర్చీలో కూర్చుని ఓడల దీపాలు చూశాను. మర్నాడు పొద్దున్న లాబీలో ఈయన మా ఆయన కోటు అడిగి తొడుక్కుని నిలబడ్డాడు, పక్కన శాలువా చుట్టుకున్న వదినని నిలబెట్టాడు. ఆ ఫొటోయే ఇప్పుడు కూర్మన్నపాలెంలో కట్టారు.

తిరిగొచ్చాక ఆయనకి నా మీద కోపమేమీ లేదు. అది నన్ను ఇంకా మండించేది. "మన సెల్లెమ్మ తలుపు తీదు," అని నలుగురిలో నవ్వించేవాడు. క్లబ్బులో, సింగపూర్ హోటల్లో పోర్టోళ్ళందరికీ మర్యాదలు చేశానని చెప్పుకునేవాడు. ఆయన అన్నట్టే, బ్యాంకాక్‌నీ పెనాంగ్‌నీ ఎవరూ అడగలేదు. ఆఖరి హోటల్ ఒక్కటే మిగిలింది. షోకేసులో సింగపూర్ సబ్బులు రెండు చేరాయి.

నేనూ తక్కువ తినలేదు. పేరంటాల్లో, కాలనీ వినాయక చవితి పందిట్లో, కొత్తగా క్వార్టర్‌కొచ్చిన ప్రతి ఆడమనిషికీ నా కథ నేను చెప్పాను. మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ తియ్యలేదు. ఆ చివరి వాక్యం దగ్గర ఆడవాళ్ళందరూ నన్ను మెచ్చుకునేవారు. కొందరు మళ్ళీ చెప్పించుకునేవారు. వదిన ఒకసారి పందిట్లో నా వెనక వరసలో కూర్చునుంది. నేను గొంతు తగ్గించలేదు.

పరామర్శకి వెళ్ళనన్నాను. మా ఆయన నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. ఎనిమిదో రోజున వెళ్ళాం.

మగవాళ్ళు బయట కుర్చీల్లో కూర్చున్నారు. లోపల వదిన గోడకానుకుని ఉంది. బాగా చిక్కింది. ఎదురుగా షోకేసు, అందులో సబ్బులు ఊరి పేర్లతో సహా అలాగే ఉన్నాయి. నేను వాటి వంక చూస్తూ కూర్చున్నాను.

"నువ్వొత్తావనుకోనేదు," అంది. "ఆయనంటే నీకు పడదు కదా."

కాదనలేదు. ఆ ఇంట్లో కూర్చుని అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఆ తలుపు కథ సెప్తావు కదా నువ్వు. పందిట్లో నాను ఇన్నాను. మూడుపాల్లు కొట్టినాడని సెప్తావు."

"కొట్టారు కదండీ."

"రెండే. మూడోపాలి కొట్టింది నానే."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, వంటింటి సంగతేదో చెబుతున్నట్టే చెప్పింది.

"మజ్జానం నుంచే మళ్ళా మొదలయింది నాకు. గదిలో వాళ్ళు, బాత్రూంలో వాళ్ళు. మొగోళ్ళు, ఆడోళ్ళు. బయట కుర్సీ ఉంటే అందులో కూకున్నాను. సీర పాడయిపోయింది. లెగిస్తే అందరికీ కనబడిపోతాది. సాలాసేపు అలగే కూకున్నాను. మరి ఉండలేక, గోడ పట్టుకునొచ్చి నీ తలుపు కొట్టినాను. పేరు సెప్పుదావనుకునీలోగా నువ్వు అరిసీసినావు. ఎనక పోర్టోళ్ళు నిలబడున్నారు. మరి నోరు రానేదు. ఎల్లి మళ్ళా ఆ కుర్సీలోనే కూకున్నాను."

"ఎంతసేపండీ?"

"వాళ్ళు ఎల్లిపోయీదాకా."

నాలుగు దాటాక కొట్టింది. చీకటి పడేటప్పుడు వాళ్ళు వెళ్ళారు. ఆ వరండా కుర్చీ మా తలుపుకి నాలుగడుగుల దూరం. అవతలి పక్క, బాత్రూం ఖాళీగా ఉన్న గదిలో, శుభ్రమైన మంచం మధ్యలో నేను ఎవర్నీ రానివ్వకుండా కూర్చున్నాను.

"అన్నయ్యగారికి చెప్పలేదా మీరు?"

"ఏటని సెప్తాను? పోర్టోళ్ళ ముందర ఆయన ఎంత కుశాలగా ఉన్నాడో నువ్వు సూడ్నేదు." కొంగు వేలి నుంచి విప్పుకుంటూ అంది, "మర్నాటికీ తగ్గనేదు. ఇమానం ఎక్కాలి కదా. అందుకే ఆ శాలువా చుట్టుకున్నాను. నువ్వు నవ్వినావు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.

"నీ మీద నాకు కోపం నేదు," అంది. "తలుపేసుకోడం నాకూ వొచ్చుంటే బాగున్ను అనుకునీదాన్ని. అంతే."

తిరిగి వస్తుంటే ఆటోలోంచి ఆ ఫ్లెక్సీ మళ్ళీ కనబడింది. ఒక పక్క తాడు ఊడి గాలికి మడత పడింది. ఆయన మీద నా కోపం పోలేదు. పోవాలని కూడా నాకు లేదు. పెనాంగ్ వానకి, కౌలాలంపూర్ గుమ్మానికి, తన భార్య కుర్చీలో కూర్చునుండగా పక్క గదిలో నవ్విన ఆ నవ్వుకి ఆయనే జవాబుదారీ. కానీ నా తలుపు సంగతి ఆయనకి అంటగట్టలేను.

మొన్న క్వార్టర్స్‌లో ఎవరింట్లోనో పేరంటానికి వెళితే కొత్తగా వచ్చినావిడ, మీ సింగపూర్ కథ చెప్పండి, చాలా బాగుంటుందట కదా అంది. చెప్పకపోతే ఎందుకని అడుగుతారు. అందుకని చెప్పాను. రెండుసార్లు కొట్టాడు, రెండుసార్లూ తియ్యలేదన్నాను. పక్కనున్న పాతావిడ, మూడుసార్లు కదండీ అంది. కాదు, రెండే అన్నాను.